వెనక్కి మళ్లే వీలున్న ప్లాన్ కావాలి

హైదరాబాద్ విషయంలో జనాభా తగ్గుదల అనే మాట ఎత్తితే చాలామందికి అది అసందర్భంగా తోస్తుంది. సాయంత్రం పూట మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా రోడ్డును రోజూ చూసేవాళ్లకు అలా తోచడం సహజమే. కానీ నగరం మొత్తంగా పెరగడం వేరు, నగరంలోని ప్రతి పేటా పెరగడం వేరు. 2001లో 38.29 లక్షలున్న హైదరాబాద్ జిల్లా జనాభా 2011 నాటికి 39.43 లక్షలైంది. పదేళ్లలో పెరుగుదల మూడు శాతం కూడా లేదు. అదే పదేళ్లలో చుట్టూ ఉన్న నాటి రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. ఐటీ ఊపు మీదున్న దశాబ్దంలోనే నగరం నడిబొడ్డు దాదాపు ఆగిపోయింది, కొత్తగా వచ్చిన జనమంతా అంచులకు చేరారు. ముంబై, కోల్‌కతాలు ఇంకో అడుగు ముందే వేశాయి. అదే దశాబ్దంలో ముంబై దీవి నగరంలో జనం 33.4 లక్షల నుంచి 30.9 లక్షలకు తగ్గారు. కోల్‌కతా కార్పొరేషన్ పరిధిలో 45.7 లక్షల నుంచి 45 లక్షలకు దిగారు. ఆ రెండు చోట్లా భూమి ధర తగ్గలేదు, ట్రాఫిక్ తగ్గలేదు, చుట్టుపక్కల ఊళ్లు పెరుగుతూనే పోయాయి. లోపల కాపురం ఉండే మనుషులు మాత్రం పలచబడ్డారు.

ఆ లెక్కలు తీసిన రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ నగరానికి తూర్పు అంచు. గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మున్సిపాలిటీలు మరో పది మున్సిపాలిటీలతో పాటు 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీలో కలిశాయి. నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి నగరానికి వచ్చేవాళ్లకు మొదట తగిలే గడప ఇదే కాబట్టి చదువుకు వచ్చినవాళ్లు, చిన్న ఉద్యోగం దొరికినవాళ్లు, రిటైరై స్థలం కొనుక్కున్నవాళ్లు ఇక్కడ నిలిచిపోయారు. ఇప్పుడు అంచు ఇక్కడ లేదు. అది హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేటకు, తుర్కయాంజాల్‌కు, ఆదిభట్లకు జరిగింది. అంచు ముందుకు పోయినప్పుడు వెనక మిగిలిన పేటలో పెరుగుదల మందగించడం హైదరాబాద్ ఒకసారి చూసిన సంగతే. ఈసారి దానికి మరో కారణం తోడవుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక మహిళకు సగటున పుడుతున్న పిల్లలు 1.8. జనాభా ఉన్నచోట ఉండాలంటే కావలసింది 2.1. ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7. ఈ పేటల్ని నింపింది పల్లెల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లలు. అలా వచ్చే పిల్లల సంఖ్య రాబోయే ఇరవై ఏళ్లలో పెరగదు. ఇక్కడే స్థిరపడిన మొదటి తరం మాత్రం ముసలిదవుతుంది. ఈ రెండు మార్పులకూ తగినట్టు భూమిని వాడుకునే వీలు మన ప్లానింగ్ నిబంధనల్లో లేదు. ఎల్బీనగర్‌లో జనం ఇవాళ తగ్గుతున్నారా లేదా అన్నది తేలేదాకా ఆగడం కన్నా, తగ్గినా పెరిగినా పనికొచ్చే నిబంధనల్ని ఇప్పుడే రాసుకోవడం మేలు. 2050 మాస్టర్ ప్లాన్ తయారవుతున్న ఈ సమయంలోనే ఆ పని జరగాలి.

దిల్‌సుఖ్‌నగర్ జనాభాకు మొదటినుంచీ నిలకడ లేదు. అది ఉద్యోగ నోటిఫికేషన్‌తో నిండుతుంది, నోటిఫికేషన్ ఆగితే ఖాళీ అవుతుంది. డీఎస్సీ పడితే ఒక వర్గం వస్తుంది, పోలీసు ఉద్యోగాలు పడితే మరో వర్గం, బ్యాంకు పరీక్షలకు ఇంకో వర్గం. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది, ప్రశ్నపత్రం లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే తీసేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. ఒక్క పరీక్ష ఇన్ని మలుపులు తిరిగితే, దాన్ని నమ్ముకుని గదులు అద్దెకు తీసుకున్నవాళ్లు, ఆ అద్దెల్ని నమ్ముకుని అప్పు చేసి నాలుగంతస్తులు లేపినవాళ్లు, మెస్‌లు, జిరాక్స్ షాపులు, పుస్తకాల దుకాణాలు అన్నీ ఆ మలుపులు తిరగవలసిందే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో నగరంలోని హాస్టళ్లు రోజుల వ్యవధిలో ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత కోచింగ్‌లో కొంత భాగం ఫోన్‌లోకి వెళ్లిపోయింది, సూర్యాపేటలో ఇంట్లో కూర్చుని పాఠం వినే వీలు వచ్చింది. తరగతి గది పూర్తిగా పోతుందని నేను అనను. పోటీ పరీక్షకు చదివే పిల్లలకు తోటివాళ్ల మధ్య కూర్చోవడంలో ఉన్న బలం తెర మీద దొరకదు. అయితే 2010 నాటి రద్దీని లెక్కలో పెట్టుకుని కట్టిన గదులన్నీ ఏడాదంతా నిండుతాయని ఆశించడం కష్టం.

అలా ఖాళీ అయిన భవనాన్ని యజమాని ఏం చేయగలడు? అందులో ఉండేవి వరసగా చిన్న గదులు, అంతస్తుకు కొన్ని ఉమ్మడి బాత్రూములు, ఇరుకు మెట్లు. కుటుంబాలకు అద్దెకివ్వాలంటే గోడలు పగలగొట్టాలి. ఆఫీసుగానో క్లినిక్‌గానో వృద్ధుల వసతిగానో మార్చాలంటే అది ఏ జోన్‌లో ఉందో, ముందు రోడ్డు ఎన్ని అడుగులో, కమర్షియల్‌గా నోటిఫై అయిందో లేదో చూడాలి. లేదంటే భూ వినియోగ మార్పిడికి హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)కు దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ పరిశీలన, ప్రజల నుంచి అభ్యంతరాల స్వీకరణ, ఆపైన ప్రభుత్వం నుంచి జీవో, ఫీజులు. ఇంత చేశాక వచ్చే మార్పు శాశ్వతం. ఐదేళ్లకు చాలు, తర్వాత మళ్లీ నివాసంగానే ఉంచుకుంటానంటే అందుకు మార్గం లేదు. కాబట్టి చాలామంది టు-లెట్ బోర్డు తగిలించి ఊరుకుంటారు, మరికొందరు అనుమతి లేకుండానే వాడకం మార్చేస్తారు. రెండోది జరిగినప్పుడు నగరానికి ఫీజు రాదు, అందులో ఉండేవాళ్ల భద్రతను తనిఖీ చేసేవాళ్లూ ఉండరు.

ఇప్పుడు అమల్లో ఉన్న మహానగర మాస్టర్ ప్లాన్ 2013 జనవరిలో ఆమోదం పొందింది. 2031 నాటికి జనాభా 1.84 కోట్లకు చేరుతుందన్న అంచనా దానికి పునాది. ఆ అంచనా నిజమవుతుందా కాదా అన్న చర్చ కన్నా, ఆ ప్లాన్ ఒక్క వైపుకే చూసిందన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అందులో పొలం లేఅవుట్ కావచ్చు, లేఅవుట్ కమర్షియల్ కావచ్చు. తిరుగుప్రయాణం ఊహలోనే లేదు. దానికి తోడు 2006లో హైదరాబాద్‌లో అంతస్తుల విస్తీర్ణానికి పరిమితి ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, ఎత్తు చూసుకుంటే చాలు. కాబట్టి వంద అడుగుల రోడ్డు మీద ఉన్న ప్రతి స్థలం ఏదో ఒకరోజు టవర్ అవుతుందన్న ఆశతో ఖాళీగానో పాత షెడ్డుతోనో ఎదురుచూస్తూ ఉంటుంది. ధర ఎక్కువగా ఉండటం, భూమి వాడుకలో లేకపోవడం రెండూ కలిసే నడుస్తాయనడానికి ఇంతకన్నా తేలికైన రుజువు లేదు. 2011 జనగణనలో దేశ పట్టణాల్లోనే 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా తేలాయి. ఇళ్ల కొరత గురించి ప్రభుత్వాలు గట్టిగా మాట్లాడిన కాలం కూడా అదే. ఇక బిగుసుకున్న నిబంధనలు క్రమశిక్షణ తెచ్చాయా అంటే, 2007లో భవనాల క్రమబద్ధీకరణ, 2015లో భవనాలకూ లేఅవుట్లకూ కలిపి మరోసారి, 2020లో లేఅవుట్లకు ఇంకోసారి పథకాలు ప్రకటించవలసి వచ్చింది. ముందు వద్దనడం, తర్వాత డబ్బు తీసుకుని సరేననడం ఒక అలవాటుగా మారింది. సమయం దాటాక ఇచ్చే ఈ సడలింపు వల్ల రోడ్డు వెడల్పు కాదు, పార్కు తిరిగి రాదు.

ఈ ప్రాంతంలో భూమి వాడకం మారిన పెద్ద సందర్భం కొత్తపేట పండ్ల మార్కెట్. గడ్డిఅన్నారంలో సుమారు 22 ఎకరాల్లో 1986 నుంచి నడిచిన ఈ మార్కెట్‌కు వేసవిలో మామిడి, చలికాలంలో బత్తాయి, కమలాలతో లారీలు బారులు తీరేవి. నగరం చుట్టూ పెరిగిపోయాక దాన్ని బయటికి తరలించడం అవసరమే. జరిగిన తీరు మాత్రం వేరు. 2020 వేసవిలో కోవిడ్ కారణంగా కోహెడకు తాత్కాలికంగా తీసుకెళితే గాలివానకు షెడ్లు కూలిపోయాయి. 2021 సెప్టెంబరులో గడ్డిఅన్నారం మార్కెట్‌ను మూసి బాటసింగారంలోని లాజిస్టిక్ పార్కుకు పంపారు. వ్యాపారులు హైకోర్టుకు వెళ్లారు. 2022 మార్చిలో పాత షెడ్లు నేలమట్టమయ్యాయి. ఏప్రిల్ 26న అదే స్థలంలో 1,000 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. తూర్పు హైదరాబాద్‌కు, విజయవాడ, సాగర్ రోడ్ల నుంచి వచ్చే రోగులకు ప్రభుత్వ ఆస్పత్రి కావాలి. ప్రభుత్వ భూమిని అమ్మకుండా ఆస్పత్రికి ఇవ్వడం మెచ్చుకోదగ్గ నిర్ణయం. అయితే ప్లాన్ ఆ 22 ఎకరాల ప్రహరీ దగ్గరే ఆగిపోయింది. మార్కెట్ అంటే ఆ షెడ్లు మాత్రమే కాదు. దాన్ని ఆనుకుని హమాలీల గదులు, కమీషన్ ఏజెంట్ల ఆఫీసులు, అట్టపెట్టెల దుకాణాలు, రాత్రంతా తెరిచి ఉండే టీ కొట్లు, లారీ మెకానిక్‌లు పెరుగుతాయి. మార్కెట్ వెళ్లిన రోజున ఆ గదులకూ దుకాణాలకూ ఏ పని మిగిలిందో పట్టించుకునే బాధ్యత ఏ శాఖకూ లేదు.

ఆస్పత్రి పూర్తిస్థాయిలో నడిచే రోజు గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. వెయ్యి పడకలంటే కనీసం వెయ్యి మంది సహాయకులు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల బయట చెట్ల కింద, ఫుట్‌పాత్‌ల మీద పడుకునే రోగుల బంధువుల్ని చూస్తున్న నగరానికి ఈ లెక్క కొత్తది కాదు. నర్సులకు గదులు కావాలి, డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు వచ్చేవాళ్లకు చవకైన వసతి కావాలి, ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు దగ్గర్లో ఉండవలసినవాళ్లకు గది, పథ్యం వంట కావాలి. ఇవన్నీ నడక దూరంలో ఉన్న దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట హాస్టల్ భవనాల్లో ఇమిడిపోతాయి. ఆ చిన్న గదులు, ఉమ్మడి వంటగదులు కుటుంబానికి పనికిరావు గానీ ఈ అవసరానికి సరిగ్గా సరిపోతాయి. డీఎస్సీ పడి విద్యార్థులు మళ్లీ వస్తే అవే గదులు వాళ్లకూ పనికొస్తాయి. ఒక భవనం మూడేళ్లు హాస్టల్‌గా, ఐదేళ్లు రోగుల సహాయకుల వసతిగా, ఆ తర్వాత వృద్ధుల డే కేర్‌గా ఉండటంలో నగరానికి నష్టమేమీ లేదు. నీళ్లున్న ఏడు వరి, లేని ఏడు ఆరుతడి పంట వేసే రైతుకు ప్రతిసారీ రెవెన్యూ శాఖ అనుమతి కావాలంటే పొలం బీడే పడుతుంది. మన నగర భూమికి ఉన్న నిబంధన అలాంటిదే.

కావలసిన మార్పు పెద్దగా చిక్కుది కాదు. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న మెట్రో స్టేషన్ల చుట్టూ నడక దూరాన్ని ఒక పరిధిగా తీసుకుని, అక్కడ పదేళ్ల లోపు గడువుతో వాడకం మార్చుకునే అనుమతి ఇవ్వాలి. గడువు ముగిస్తే అది దానంతటదే పాత వాడకానికి తిరిగిపోవాలి, లేదా కొత్త తనిఖీతో పొడిగించుకోవాలి. వెనక్కి మళ్లడానికి ఫీజు ఉండకూడదు. అనుమతి ఇచ్చేటప్పుడు అది హాస్టలా, క్లినికా, కుట్టుశిక్షణ కేంద్రమా అని పేరు చూడటం కన్నా, చప్పుడు ఎంత, రోజుకు ఎన్ని బండ్లు వస్తాయి, ఎంత నీరు వాడుతుంది, ఎంత మురుగు వదులుతుంది, రాత్రి ఎంతవరకు నడుస్తుంది అన్నవి చూడాలి. పక్కింటివాళ్లను ఇబ్బంది పెట్టేది బోర్డు మీది పేరు కాదు, ఈ సంగతులే. జర్మనీలో లైప్‌జిగ్ నగరం ఇలాంటి దారిలోనే నడిచింది. రెండు జర్మనీలు ఏకమయ్యాక అక్కడి ఫ్యాక్టరీలు మూతపడి, 1989లో అయిదు లక్షలు దాటి ఉన్న జనాభా 1998 నాటికి 4.4 లక్షల లోపుకు పడిపోయింది. ఖాళీ స్థలాల యజమానులతో నగరపాలక సంస్థ ఒప్పందాలు చేసుకుంది. స్థలాన్ని కొన్నేళ్లపాటు పార్కుగానో తోటగానో జనానికి వదిలితే పన్నులో వెసులుబాటు ఇచ్చింది, కట్టుకునే హక్కును యజమానికే ఉంచింది. తర్వాత ఆ నగరం మళ్లీ పెరిగి ఆరు లక్షలు దాటింది. తాత్కాలికంగా ఇచ్చిన స్థలాలు తిరిగి ఇళ్లకు అందుబాటులోకి వచ్చాయి. తొందరపడి కూల్చేసిన పాత ఇళ్లు మాత్రం తిరిగి రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ రెండు అనుభవాలూ పనికొస్తాయి.

దీని మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. వెసులుబాటు అన్న పేరుతో తెరిచిన ప్రతి తలుపులోంచీ ముందు లోపలికి వచ్చింది బిల్డరే కదా అని. ఈ భయం చరిత్రలోంచి పుట్టింది. 1982 సమ్మె తర్వాత మూతపడిన ముంబై బట్టల మిల్లుల్లో మన తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీ కార్మికులు వేలమంది పనిచేశారు. ఆ మిల్లుల భూమిని వేరే పనికి వాడుకోవచ్చని 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. భూమిలో ఒక వాటా నగరానికి ఖాళీ స్థలంగా, ఒక వాటా సామాన్యుల ఇళ్లకు, మిగతాది యజమానికి అన్నది దాని ఉద్దేశం. 2001లో దాన్ని సవరించి, షెడ్లు లేని ఖాళీ జాగాకు మాత్రమే ఆ వాటా వర్తిస్తుందన్నారు. నగరానికీ కార్మికులకూ రావలసిన భాగం చాలావరకు ఆవిరైంది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఇప్పుడక్కడ మాల్స్, అద్దాల మేడలు ఉన్నాయి. మన దగ్గరా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతాన్ని 84 గ్రామాల్లో కాపాడిన 1996 నాటి 111 జీవో ఆంక్షల్ని 2022 ఏప్రిల్‌లో ఎత్తేసినప్పుడు, దాని స్థానంలో ఏం వస్తుందో ముందే తేల్చలేదు. 2025 నవంబరులో ప్రకటించిన హిల్ట్ విధానం ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక వాడల్లో సుమారు 9,292 ఎకరాల వాడకాన్ని మార్చుకోనిస్తామన్నప్పుడు చెలరేగిన విమర్శ కూడా ఈ అనుభవం నుంచి వచ్చినదే.

ఈ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. అది గడువున్న అనుమతికే బలం చేకూరుస్తుంది. ముంబైలో ఇచ్చినది శాశ్వత హక్కు. శాశ్వతంగా ఇచ్చిన హక్కు ఆ క్షణంలోనే భూమి ధరలో కలిసిపోతుంది, ఆ లాభం ఆ రోజు యజమానిగా ఉన్నవాడి జేబులోకి పోతుంది. పదేళ్లకు ఇచ్చిన అనుమతిని చూపించి టవర్ కట్టడానికి బ్యాంకు అప్పు దొరకదు. ఉన్న భవనాన్ని వాడుకునేవాడికే అది పనికొస్తుంది, పట్టుకుని కూర్చుని అమ్ముకుందామనుకునేవాడికి పెద్దగా పనికిరాదు. కాబట్టి రెండు హద్దులు గట్టిగా గీయాలి. గడువున్న అనుమతి ఉన్న భవనాలకే వర్తించాలి, అదనపు అంతస్తులకు కాదు. కూల్చి కొత్తగా కట్టేవారికి మామూలు నిబంధనలు, మామూలు ఫీజులు ఉండాలి. ఇక ప్రభుత్వ భూమి ఏదైనా వాడకం మారితే దాన్ని అమ్మకుండా లీజుకే ఇవ్వాలి. గడ్డిఅన్నారం స్థలం ప్రభుత్వానిది కాకుండా ప్రైవేటు వ్యక్తులదై ఉంటే అక్కడ ఈపాటికి ఆస్పత్రికి బదులు ఏం లేచేదో ఊహించడం కష్టం కాదు.

రెండో అభ్యంతరం ప్రాణాలకు సంబంధించినది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో రూబీ లాడ్జి అగ్నిప్రమాదంలో ఎనిమిది మంది చనిపోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి గదులు. ఆరు నెలలకు స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. 2019లో సూరత్‌లో కోచింగ్ సెంటర్ మంటల్లో 22 మంది, 2024 జూలైలో ఢిల్లీలో సెల్లార్ లైబ్రరీలోకి వరద నీరు వచ్చి ముగ్గురు విద్యార్థులు పోయారు. రకరకాల వాడకాల్ని ఒకే భవనంలో కలిపితే ఇలాగే ఉంటుందన్న వాదన వినపడుతుంది. కానీ ఈ భవనాల్లో ప్రాణాలు తీసింది మెట్ల దారి మూసుకుపోవడం, సెల్లార్‌ను పార్కింగ్‌కు కాక వేరేదానికి వాడటం, తనిఖీ లేకపోవడం. మన నిబంధనల్లో వాణిజ్య భవనానికి 15 మీటర్లు, నివాస భవనానికి 18 మీటర్ల ఎత్తు దాటితేనే అగ్నిమాపక శాఖ అనుమతి తప్పనిసరి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చాలా భాగం ఆ ఎత్తుకు లోపే ఉంటాయి, ఒక్కో అంతస్తులో పదుల మంది పడుకుంటారు. గడువున్న అనుమతి కోరి వచ్చే ప్రతి భవనానికీ ఎత్తుతో పని లేకుండా రెండో మెట్ల దారి, ఖాళీ సెల్లార్, పొగ అలారం ఉన్నాయో లేదో చూసి, ప్రతి పొడిగింపుకూ మళ్లీ చూడాలి. వాడకం విషయంలో ఉదారంగా ఉండే చట్టం భద్రత విషయంలో ఒక్క అంగుళం కూడా వదలకూడదు. ఇవాళ అనుమతి లేకుండా మారిపోతున్న భవనాలకు ఏ తనిఖీ లేదు కాబట్టి, యథాతథ స్థితే అన్నిటికన్నా ప్రమాదకరం.

వాడకం మారడమంటే ప్రతిసారీ ఒక భవనం మరో భవనంగా మారడమే కానక్కర్లేదు, నేల మళ్లీ నేలగా మారడం కూడా అందులో భాగమే. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్, పీ అండ్ టీ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నాగోల్, హయత్‌నగర్ వైపు కాలనీల్లోనూ మొదటి అంతస్తుల నుంచి జనాన్ని పడవల్లో దించారు. చెరువు కింద, నాలా దారిలో వెలసిన ఇళ్లను నాలాల విస్తరణతో కొంతవరకు కాపాడవచ్చు, అన్నిటినీ కాపాడలేం. మహానగరంలో ఎప్పుడో ఒక పేటలో జనం పలచబడతారన్న నిజాన్ని ఒప్పుకుంటే, ముందుగా పలచబడవలసినవి ఏవో కూడా మనమే ఎంచుకోవచ్చు. ఏటా నీళ్లు చేరే వీధుల్లో కొత్త అంతస్తులకు అనుమతులు ఆపాలి. అమ్ముకుపోదామనుకునే ఇంటి యజమానికి అదే పేటలో, మెట్రోకు దగ్గరగా, బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కు (టీడీఆర్) ఇచ్చి ఆ జాగాను చెరువుకు తిరిగి ఇవ్వాలి. టీడీఆర్ ఇప్పటికే రోడ్ల విస్తరణకు వాడుతున్న పద్ధతే. బుల్డోజరు వచ్చిన ఉదయం జనానికి కబురు తెలిసే పద్ధతికన్నా పదేళ్ల ముందే చెప్పి, ఇష్టమైనవాళ్లను ఒక్కొక్కరిగా తరలించడం మర్యాదైన దారి. దిగువ మధ్యతరగతి వాళ్లు జీవితకాలం కూడబెట్టి కట్టుకున్న ఇళ్లవి.

ఆదాయం గురించి ప్రభుత్వం బెంగపడవచ్చు. భూ వినియోగ మార్పిడి ఫీజు ఒక్కసారి పెద్దమొత్తంలో వస్తుంది, గడువున్న అనుమతి ఫీజు చిన్నదే. అయితే టు-లెట్ బోర్డు తగిలించి ఉన్న భవనం ఇచ్చే ఆదాయం కన్నా ఏటా పనిచేస్తున్న భవనం ఇచ్చే ఆస్తి పన్ను, లైసెన్సు ఫీజు ఎక్కువ. అద్దెకు ఉండేవాళ్ల సంగతి మాత్రం మరింత బరువైనది. ఒక భవనం వాడకం మారినప్పుడు ముందు రోడ్డున పడేది అందులో అద్దెకున్నవాళ్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బట్టలు, చెప్పులు అమ్ముకునేవాళ్లకు చోటు చూపవలసిన బాధ్యత నగరపాలక సంస్థది. వాడకం మార్పు అనుమతుల్లోనే భవనం ముందు వాళ్ల జాగాను కూడా గుర్తించి గీయాలి. హాస్టల్‌ను మార్చుకునే యజమాని అందులో ఉన్న విద్యార్థులకు విద్యా సంవత్సరం చివరిదాకా గడువివ్వాలన్న షరతు పెట్టాలి. ఇవి పెద్ద ఖర్చులు కావు.

ఇదంతా చేయడానికి ముందు ఏ వీధిలో ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో తెలియాలి. 2011 తర్వాత జనగణన జరగలేదు. 2026లో ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్క తీయాలన్నది కేంద్రం పెట్టుకున్న గడువు. ఇళ్ల జాబితాలో తాళం వేసిన, ఖాళీగా ఉన్న ఇళ్ల లెక్క కూడా ఉంటుంది. విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ప్రతి మీటరు నెలవారీ రీడింగు ఇప్పటికే ఉంది. వరసగా ఆరు నెలలు కనీస బిల్లు దాటని మీటర్లను వీధుల వారీగా, పేర్లు లేకుండా లెక్కగట్టి పటం గీస్తే చైతన్యపురిలో, కొత్తపేటలో, వనస్థలిపురంలో ఖాళీ ఎక్కడుందో వారం రోజుల్లో తేలుతుంది. ఆ పటాన్ని 2050 ప్లాన్ ముసాయిదాతో పాటు ప్రతి వార్డు ఆఫీసులో గోడకు తగిలించి, రెండు నెలలు అభ్యంతరాలు తీసుకుని, మూసారాంబాగ్ - ఎల్బీనగర్ మెట్రో దారి వెంట ఐదేళ్లపాటు గడువున్న అనుమతుల్ని ప్రయోగంగా అమలు చేయడానికి హెచ్‌ఎండీఏకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ముసాయిదాలో ఒక అధ్యాయం, ఒక జీవో చాలు. నాగోల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా విమానాశ్రయానికి, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు మెట్రో రెండో దశ మార్గాలు ప్రతిపాదనలో ఉన్నాయి. అవి పట్టాలెక్కి చౌరస్తాలో భూమి ధర మరోసారి ఎగబాకక ముందే ఆ జీవో రావాలి.